బెస్సీకి పచ్చిమాంసం

బెస్సీ వంటింటి గచ్చు మీద పడిపోయింది. నోటి వెంట చొంగ కారుతోంది, ముందరి కాళ్లతో మూతిని గీరుకుంటోంది, కళ్లు ఎటో చూస్తున్నాయి. మా నాన్న మోకాళ్ల మీద కూలబడి, దాని చిగుళ్లకి వేలితో తేనె రాశాడు. కాసేపటికి అది లేచి కూర్చుని, ఏమీ జరగనట్టు ఒళ్లు దులుపుకుంది.

"చూశావా లొరేన్? తీపి తగిలిందో లేదో లేచి కూర్చుంది. ఫెరెట్‌కి కావలసింది అదీ. నువ్వేమో మాంసం మాంసం అని నా ప్రాణం తీస్తావు" అన్నాడు నాన్న.

మా ఊళ్లో ఫెరెట్ లేని ఇల్లు ఒకప్పుడు ఇల్లే కాదు. చూడ్డానికి ముంగిసకి చెల్లెల్లా ఉంటుంది. కుందేలు బొరియల నోళ్లకి వలలు బిగించి దీన్ని లోపలికి వదిలితే, కుందేళ్లు హడలిపోయి బయటికి ఉరికి వలలో పడతాయి. బొగ్గు గనిలో వారమంతా పనిచేసిన మగవాళ్లకి ఆదివారం పొద్దుటి సరదా అది. గని మూతపడింది, కాళ్లలో సత్తువ పోయింది, కుందేళ్ల వేట పోయింది. ఫెరెట్లు మాత్రం సోఫాల మీదికి చేరి పెంపుడు పిల్లలైపోయాయి. నాన్న దగ్గర మిగిలినవి రెండు. మగది మేజర్, ఆడది బెస్సీ. మా తాత పెంచిన వాటి సంతతిలో ఇవే ఆఖరివి.

వాటికి నాన్న పెట్టే తిండి ఒకటే. పాలల్లో నానబెట్టిన రొట్టె, పైన ఇంత చక్కెర. గనిలో పనిచేసిన వాళ్లందరూ అదే పెట్టారు. పచ్చిమాంసం పెడితే ఫెరెట్ నెత్తురు మరుగుతుందని, ఇక మనిషి వేలు కనబడితే వదలదని వాళ్ల గట్టి నమ్మకం. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం మా నాన్న. నేను ఆయన కూతుర్ని, నా కుందేలుకి రెండే. బెస్సీని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ఆ డాక్టరమ్మ నెత్తురు తీసి పరీక్ష చేసి, పొట్ట మీద ఏదో యంత్రం ఆనించి చూసి, నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"లోపల చిన్న కంతి ఉందమ్మా. దానివల్ల ఒంట్లో చక్కెర ఉన్నట్టుండి పడిపోతోంది. తీపి పెడితే అప్పటికి లేస్తుంది, ఆ వెనకే ఇంకా కిందికి పడుతుంది. మందు ఇస్తాను. కానీ రొట్టె, పాలు, చక్కెర ఆపెయ్యాలి. మాంసమే పెట్టండి. పచ్చిది, కొంచెం కొంచెంగా, రోజుకి చాలాసార్లు. అలా చూసుకుంటే ఇంకా కొంతకాలం హాయిగా బతుకుతుంది. రొట్టె ఆపకపోతే మాత్రం ఈ వేసవి చూడదు."

ఇంటికొచ్చి ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన నాలుగు చెంచాల చక్కెర వేసిన టీ తాగుతూ విన్నాడు. ఆయనకి షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. జామ్ రొట్టె మానమంటే పళ్లూడగొడతానంటాడు.

"దానికేమో చక్కెర చాలదట, నాకేమో ఎక్కువైందట. మా ఇద్దర్నీ కలిపి పిండి చెరిసగం చెయ్యమను ఆ డాక్టరమ్మని" అన్నాడు.

"వేళాకోళం కాదు నాన్నా. రొట్టె పెడితే బెస్సీ చచ్చిపోతుంది."

"అరవై ఏళ్లుగా పెడుతున్నానే, రొట్టె తిని చచ్చిన ఫెరెట్‌ని నేను చూళ్లేదు."

"నువ్వు చూసింది అవి చచ్చాకే. ఎందుకు చచ్చాయో ఎప్పుడడిగావు?"

ఆ మాట ఆయనకి తగిలింది. కప్పు కింద పెట్టి, చూపుడు వేలు నా ముఖం మీదికి ఊపాడు. "సరే, పెట్టుకో. కానీ ఇల్లు నాది. ఒక్కసారి మనిషిని కరిచినా, ఇల్లు కంపు కొట్టినా, మళ్లీ రొట్టె పాలే. కాదంటావా, ట్రెవర్ గాడున్నాడు."

ట్రెవర్ నా తమ్ముడు. రెండు వీధుల అవతల పెళ్లాం మాక్సీన్‌తో ఉంటాడు. ఊళ్లో ఎవరి ఫెరెట్‌కైనా తీరని జబ్బు చేసినా, ఏ ఫెరెట్ అయినా మనిషిని కరవడం మరిగినా వాడినే పిలుస్తారు. చెవుల వెనక ఒకే ఒక్క దెబ్బ, అంతే. చెయ్యి గట్టిది. మనసే మెత్తన.

ఫెరెట్‌కి తిండి మార్పించడం ఎంత పనో పడ్డవాళ్లకే తెలుసు. పిల్లప్పుడు ఏ వాసన తిండి అని ముక్కుకి అలవాటైతే జన్మంతా అదే తిండి. మిగతాదంతా మట్టీ మశానం. నేను మొదటిరోజు తెచ్చిన కోడి ఖీమా మీద మేజర్ నడిచి, దాన్ని వాసన చూసి, దాని మీదే వెనక్కి తిరిగి ఉచ్చ పోశాడు. నాన్న కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "అదీ నీ డాక్టరమ్మ చీటీకి మా వాడి జవాబు" అన్నాడు.

నేను వదల్లేదు. కోడి కార్జం మెత్తగా రుబ్బి, గోరువెచ్చటి నీళ్లలో కలిపి, వేలితో వాటి పెదవులకి పూసేదాన్ని. నాకాలి కదా, నాకేవి. నాకి, తుమ్మి, నన్ను తిట్టుకుంటున్నట్టు చూసేవి. కొన్నాళ్లు రొట్టె ముద్దలోనే ఆ రసం కలిపాను. రోజూ రొట్టె తగ్గించి రసం పెంచాను. తర్వాత రసం చిక్కబడింది, చిక్కనిది ముద్దయింది, ముద్దలో ముక్కలు వచ్చాయి. నా వేళ్ల మీద పళ్ల గాట్లు లేని చోటు లేదు. నేను బడి వంటగదిలో పనిచేస్తాను. అక్కడి పెద్ద వంటావిడ నా చేతులు చూసి, "ఎవరే నిన్నలా కొరుకుతోంది, కొత్త మొగుడా?" అని అందరి ముందూ అడిగింది.

ఒకరోజు మధ్యాహ్నం బెస్సీ కోడి రెక్క ముక్కని నా చేతిలోంచి లాక్కుని, సోఫా కిందికి ఈడ్చుకుపోయి, ఎముకతో సహా పటపట నమిలేసింది. ఆ చప్పుడుకి నాన్న పేపరు దించాడు. నేను గచ్చు మీద కూర్చుని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. వసంతం వచ్చేసరికి బెస్సీ బొచ్చు నిగనిగలాడింది. పడిపోవడం ఆగింది. మాక్సీన్ వాళ్ల పిల్లి వెంట పడి దాన్ని గోడ ఎక్కించింది. నాన్న పైకి ఒప్పుకోలేదు. కానీ నేను చూడటం లేదనుకుని దాని వీపు నిమురుతూ, "దొరసానివయ్యావే" అనడం విన్నాను. బిడ్డని గట్టెక్కించిన తల్లికెలా ఉంటుందో నాకలా ఉంది. పిల్లల్లేని దాన్ని, ఆ మాట అనే హక్కు నాకుందో లేదో, అంటున్నాను.

అప్పుడు మొదలైంది వాసన.

ముందు నాకే తగిలింది. బడి నుంచి వచ్చి ముందుగది తలుపు తియ్యగానే తియ్యగా, ముతకగా, చచ్చిన ఎలుక వాసన. ఫెరెట్లు పెంచే ఏ ఇంట్లోనైనా దీనికి ఒకటే అర్థం. ఫెరెట్ కడుపు నిండితే మిగిలిన ముక్కని నోట కరుచుకుపోయి ఎక్కడో దాస్తుంది. రొట్టె ముద్దని దాచలేదు, కారిపోతుంది. మాంసాన్ని దాస్తుంది. నేను నవ్వుతూనే అన్నాను, "నాన్నా, నీ దొంగలిద్దరూ ఎక్కడో కొట్టు పెట్టారు. మాంసం కుళ్లుతోంది."

నాన్న తలెత్తి నన్ను చూశాడు. ఆయన ముఖంలో ఏదో సడలింది. గెలిచానన్న సంబరం కాబోలనుకున్నాను. "చెప్పానా? ముందే చెప్పానా? మాంసం తెస్తే ఇల్లు శ్మశానమవుతుందని చెప్పానా?" అన్నాడు.

సోఫా తిరగేశాను. అమ్మ వదిలివెళ్లిన అల్లిక సంచిలో, ఊలు ఉండల కింద, రెండు కోడి మెడలు దొరికాయి. పట్టుకొచ్చి పారేసి, సంచి ఉతికి, గచ్చు కడిగాను. దొంగ సొత్తు దొరికిందని ఊరంతా చెప్పాను. మర్నాడు తలుపు తీస్తే మళ్లీ అదే వాసన.

అక్కణ్ణించి నాకు పిచ్చి పట్టినట్టయింది. చలికాచుకునే గ్యాస్ పొయ్యి వెనక చూశాను. పియానో కింద చూశాను. తివాచీ ఎత్తాను. బూట్లన్నీ బోర్లించాను. ట్రెవర్ని పిలిచి చెక్కగచ్చు పలకలు కూడా రెండు ఊడదీయించాను. ఏమీ లేదు. దొరికేది లేదు, వాసన మాత్రం రోజురోజుకీ బలుస్తోంది. నాన్న పొయ్యి పక్కన తన కుర్చీలో కూర్చుని, నేనెక్కడ వెతికితే అక్కడికి కళ్లు తిప్పేవాడు. ఈ మధ్య తన సాక్సులు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు. వయసొచ్చాకైనా బుద్ధొచ్చిందనుకున్నాను. నెలకోసారి పాదాలు చూసే నర్సు దగ్గరికి బస్సెక్కి వెళ్లొచ్చేవాడు. "ఏమంది నాన్నా ఆవిడ?" అని తమ్ముడు అడిగితే, "నాట్యం నేర్చుకోమంది" అనేవాడు.

ఒక శనివారం కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి వెనక మెట్ల మీద ట్రెవర్ కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందిరా?"

"నాన్న చెప్పాడక్కా."

"ఏం చెప్పాడు?"

"దాచేది మగదేనంట. మేజర్ గాడేనంట. వాడు నెత్తురు మరిగాడు, ఇక మారడు, పని కానిచ్చెయ్యమన్నాడు." వాడు ముక్కు తుడుచుకున్నాడు. "ఒకటే దెబ్బ అక్కా. వాడికేం తెలియలేదు. నా చెయ్యి నాకుతున్నాడు అప్పుడు."

చేతిలో సంచి ఎప్పుడు వదిలానో తెలీదు, ఉల్లిపాయలు మెట్ల మీద దొర్లాయి. లోపలికి పరిగెత్తాను. మేజర్ పడుకునే ఉన్ని టోపీ ఖాళీగా ఉంది. బెస్సీ దాని చుట్టూ తిరుగుతూ వాసన చూస్తోంది. నాన్న కుర్చీలో ముఖం పక్కకి తిప్పుకుని ఏడుస్తున్నాడు. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటారా ఎవరైనా? ముక్క ఎక్కడుందో తేలకముందే ప్రాణం తీయిస్తావా? వాణ్ణి సీసాతో పాలు పట్టి పెంచావు నువ్వు!"

"ఇంట్లో కంపు ఉండకూడదన్నాను" అన్నాడు, అటు తిరిగే. "వాడు పోయాడు, ఇక పోతుంది. ఇక వెతకడం ఆపు."

ఆగలేదు వాసన. ఆ సాయంత్రానికే ఆగలేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. రాత్రి భోజనాల దగ్గర అన్నాడు, "రేపు ట్రెవర్ వచ్చి బెస్సీని వాళ్ల షెడ్డుకి తీసుకుపోతాడు. రొట్టె పాలు నేనే పోసి వస్తాను పొద్దున్నే. ఈ ఇంట్లో మాంసం కథ ముగిసింది."

"అంటే చంపేస్తున్నావన్నమాట దీన్ని కూడా. దెబ్బతో కాకపోతే చక్కెరతో."

బెస్సీ నా ఒళ్లో పడుకుని ఉంది. దాని గుండె నా అరచేతికి తగులుతోంది. నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ట్రెవర్, మాక్సీన్ భోజనానికొచ్చారు. ట్రెవర్ చెక్క పెట్టె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు, దాని వైపు చూడకుండా. కాల్చిన గొడ్డు మాంసం, పొంగేలా కాల్చిన పిండి పుడ్డింగులు, గ్రేవీ అన్నీ బల్ల మీద పెట్టాను. ఎవరికీ రుచి తెలియలేదు. మాక్సీన్ రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని తింది, పాపం మర్యాదకి జలుబు చేసిందని చెప్పింది.

గిన్నెలు తీశాక నేను లేచి నిలబడ్డాను. "ఒక్క అవకాశం ఇవ్వండి. బెస్సీకి పొద్దుట్నించి సగం తిండే పెట్టాను, ఇంక ఎక్కువసేపు ఆపలేను. ఆకలేస్తే ఫెరెట్ ఎక్కడికి పోతుంది? తను దాచుకున్న చోటికే పోతుంది. వదులుతాను. అందరం కదలకుండా కూర్చుని చూద్దాం. ఎక్కడుందో అదే చూపిస్తుంది. దొరికితే బెస్సీ ఇక్కడే ఉంటుంది. దొరక్కపోతే పెట్టెలో పెట్టుకుని తీసుకుపొండి, నోరెత్తను."

"ఈ మాట ముందే ఎందుకు తట్టలేదే అక్కా?" అన్నాడు ట్రెవర్. వాడు మేజర్ గురించే అన్నాడని అందరికీ తెలుసు.

"వద్దు" అన్నాడు నాన్న. "ఆటలు వద్దు. తీసుకుపో ట్రెవర్."

"ఒక్క నిమిషం నాన్నా, పోయేదేముంది?" అన్నాడు ట్రెవర్. జీవితంలో మొదటిసారి వాడు ఆయన మాటకి అడ్డం చెప్పడం.

బెస్సీని దించాను. అది మొదట అల్లిక సంచి వైపు పోయింది, మూతి పెట్టింది, తిరిగొచ్చింది. సోఫా కిందికి దూరి అటు నుంచి వచ్చింది. గది మధ్యలో ఆగి ముక్కు గాల్లోకెత్తింది. అప్పుడు, ఎక్కడికి పోవాలో గుర్తొచ్చినదానిలా, తిన్నగా బల్ల కిందికి పరిగెత్తింది.

మేమంతా వంగి చూశాం. నాన్న ఎడమ చెప్పు ముందు కూర్చుంది. ఇంట్లో తొడిగే గుడ్డ చెప్పులవి. వేలి మీద ఆనెకాయ లేచింది, నొక్కుతోందని ఆయనే ముందుభాగం కత్తిరించుకున్నాడు. ఆ కన్నంలోకి మూతి దూర్చింది బెస్సీ.

ట్రెవర్ పగలబడి నవ్వాడు. "చెప్పులోనే! నాన్న చెప్పులోనే దాచిందిరా దేవుడా! ఇల్లంతా తవ్వించి, కంపుని కాలికి తొడుక్కుని తిరుగుతున్నాడు మా దొర!" మాక్సీన్ కూడా నవ్వింది. నాకైతే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బతికింది నా బెస్సీ అనుకున్నాను.

నాన్న నవ్వలేదు. కింద ఏం జరుగుతోందో ఆయన చూడటం లేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని ఎదురుగోడని చూస్తున్నాడు. బెస్సీ సాక్సు కొసని పళ్లతో పట్టి, వెనక్కి గుంజి, లాగింది. సాక్సు చిరిగింది. మళ్లీ మూతి పెట్టి, తల పక్కకి వంచి, దవడ పళ్లతో కొరికింది. రెక్క ముక్కని నమిలేటప్పుడు అలాగే వంచుతుంది తలని.

అది నమిలింది. నాన్న టీ తాగాడు.

ట్రెవర్ నవ్వు గొంతులోనే ఆగింది. "నాన్నా" అన్నాడు. "నొప్పి... నొప్పి పుట్టట్లేదా?"

"ఏం నొప్పి?" అన్నాడు నాన్న.

నేను బల్ల కిందికి దూకి బెస్సీని పట్టి లాగాను. వదల్లేదు. దాని మెడ వెనక తోలు పట్టుకుని ఎత్తితే వచ్చింది, నోట్లో తడిసిన బూడిదరంగు ఊలు ముక్కతో. మాక్సీన్ చేతికిచ్చి, నాన్న మడమ పట్టుకుని చెప్పు ఊడలాగాను. ఆయన నన్ను ఆపలేదు. సాక్సు మాత్రం ఊడలేదు, చర్మానికి అంటుకుపోయింది. వాసన నా ముఖం మీదికి కొట్టింది. ఇన్నాళ్లూ నేను సోఫా కింద, పియానో కింద, గచ్చు పలకల కింద వెతికిన వాసన.

వేళ్లు నల్లగా ఉన్నాయి. రెండు వేళ్లు నిజంగా బొగ్గులా ఉన్నాయి. పాదం మధ్య వరకూ ఆకుపచ్చ, ఊదా రంగులు పాకాయి. బెస్సీ కొరికిన చోట నెత్తురు కూడా రాలేదు. ఆ ఒక్క సంగతీ నేను ఎన్నటికీ మరచిపోలేను, నెత్తురు రాలేదు.

మాక్సీన్ బెస్సీని పెట్టెలో పడేసి వెనక పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. ట్రెవర్ అంబులెన్సుకి ఫోన్ చెయ్యబోయి నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. నేను ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని గచ్చు మీదే కూర్చున్నాను. అంత బరువుగా, అంత చల్లగా ఉన్నది నా తండ్రి కాలని నా బుర్రకి ఎక్కడం లేదు. పైనుంచి ఆయన చాలా మామూలుగా, "టీ చల్లారిపోయింది" అన్నాడు.

ఆసుపత్రిలో ఆ సాయంత్రమే చెప్పేశారు. షుగర్ వల్ల పాదం మొద్దుబారి కుళ్లింది, విషం పైకి పాకుతోంది, మోకాలి కింద వరకూ తీసెయ్యాలి, వారం ఆగి ఉంటే మనిషే మిగిలేవాడు కాదు. పాదాల నర్సు దగ్గరికి ఆయన వెళ్లక ఏడాది దాటిందని కూడా అప్పుడే తెలిసింది. నెలనెలా బస్సెక్కి వెళ్లింది క్లబ్బుకి, డామినోలు ఆడ్డానికి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. ఎక్కడ నొక్కితే ఎక్కడ ఎముకో బెస్సీ ఒంట్లో నాకు తెలుసు. దాని పెంట రంగు చూసి రాత్రి ఏం తిందో చెప్పగలను. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి ముందు కూర్చునే మనిషి కాళ్లు మాత్రం ఒక్కసారి చూడలేదు నేను.

కాలు తీశాక, ఆయనకి తెలివొచ్చి, మాట సరిగా రావడం మొదలయ్యాక, మంచం పక్కన కూర్చుని ఉంటే అడిగాడు, "బెస్సీ తింటోందా?"

"తింటోంది."

"మాంసమేనా?"

"మాంసమే. ఇక ఎవడొచ్చి అడ్డుపడినా మాంసమే."

తల ఊపాడు. దుప్పటి కింద ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. అటు చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"సిడ్ లమ్ గుర్తున్నాడా నీకు? నాతో గనిలో చేశాడు. వాడికీ ఇదే. ముందు బొటనవేలన్నారు. తర్వాత పాదమన్నారు. తర్వాత మోకాలు. మొదలుపెడితే ఆపరు తల్లీ వీళ్లు. శవపెట్టెలో పెట్టేనాటికి సగం మనిషే ఉన్నాడు. నల్లబడినప్పుడే చూశాను నేను. చూసి సాక్సు తొడిగేశాను."

"ఎప్పుడు చూశావు?"

"వాసన రాకముందే."

"అంటే నేను ఇల్లంతా వెతుకుతున్నప్పుడు..."

"కంపు మాంసానిదని నువ్వే అన్నావు. నేను అనలేదు. నవ్వుతూ నువ్వే వచ్చి చెప్పావు. నాకు ప్రాణం లేచొచ్చింది."

"మేజర్‌ని చంపించినప్పుడు?"

ఆయన దుప్పటి అంచు మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. పక్క మంచం ముసలాయన దగ్గుతున్నాడు.

"తెలుసు" అన్నాడు. "వాడు దాచట్లేదని తెలుసు. వాడు పోతే నువ్వు వెతకడం మానేస్తావనుకున్నా. భయమేసింది లొరేన్. గని కూలినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు నాకు."

నాకు ఆయన మీద అసహ్యం వేసింది. దాచిపెట్టి ఏం లాభం, వేసింది. తెగిన కాలితో పడుకున్న ముసలివాణ్ణి, నన్ను కన్నవాణ్ణి, రెండు భుజాలూ పట్టి కుదిపెయ్యాలనిపించింది. ఆయన చెయ్యి దుప్పటి మీద నా చేతి కోసం వెతుకుతుంటే ఇవ్వలేదు.

"ట్రెవర్‌కి చెప్పకు తల్లీ" అన్నాడు. "వాడు తట్టుకోలేడు."

బయటికొచ్చాను. నడవాలో ట్రెవర్ కాఫీ కప్పు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ వారంలో వాడు చిక్కిపోయాడు. నన్ను చూడగానే ముందుకొచ్చాడు.

"అక్కా, ఒక్క మాట. మేజర్ గాడు దాచేవాడు కదూ? సంచిలో దొరికిన మెడలు వాడివే కదూ? అంటే, కంపు వాడిది కాకపోయినా, నాన్న నిజంగా వాడిదే అనుకున్నాడు కదా. తెలిసి చేసింది కాదు కదా. రాత్రిళ్లు పడుకోలేకపోతున్నానక్కా. నా చెయ్యి నాకుతున్నాడు వాడు."

అవునురా అనేస్తే సరిపోయేది. నోట్లో దాకా వచ్చింది ఆ మాట. కానీ మా ఇంట్లో ఒకడు దాచింది చాలు, ఇంకోటి దాచే ఓపిక నాకు లేదు.

"నాన్నకి తెలుసురా" అన్నాను. "కంపు తన కాలిదని తెలిసే నిన్ను పిలిచాడు."

వాడు నన్ను చూస్తూనే గోడ వెంట జారి కింద కూర్చున్నాడు. కాఫీ ఒలికి ప్యాంటు తడిసినా కదల్లేదు. చేతులు తిప్పి అరచేతులు చూసుకున్నాడు. ఎంతసేపో. నర్సు ఒకామె ఆగి, బాగానే ఉన్నారా అని అడిగి వెళ్లింది. తర్వాత వాడు లేచి లోపలికి నడిచాడు. తండ్రిని కొడతాడేమోనని భయపడి వెనకే పరిగెత్తాను.

నాన్న వాడి ముఖం చూశాడు. చూసిన మరుక్షణం అర్థమైంది ఆయనకి. గోడ వైపు తిరిగిపోయాడు. ట్రెవర్ మంచం చివరికి వెళ్లి, దుప్పటి ఎత్తి, మిగిలిన కాలికున్న సాక్సు లాగేశాడు.

"ఏం చేస్తున్నావురా? వదులు. సిగ్గులేదా, అందరూ చూస్తున్నారు" అన్నాడు నాన్న.

"నోరు ముయ్యి నాన్నా" అన్నాడు ట్రెవర్. మా ఇంట్లో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు.

మంచం మీద కూర్చుని ఆ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకున్నాడు. వేలు వేలునీ విడదీసి, మధ్యలో చూసి, అడుగు తిప్పి చూసి, గోళ్లు నొక్కి చూశాడు. వాడి బుగ్గల మీంచి కన్నీళ్లు కారి ఆ పాదం మీద పడుతున్నాయి, వాడు తుడుచుకోవడం లేదు. నాన్న ముందు కాలు లాక్కోబోయాడు, తర్వాత ఆగాడు, తర్వాత దిండులో ముఖం దాచుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. అన్ని వేళ్లూ చూడటం అయ్యాక ట్రెవర్ తల తిప్పి నావైపు చూశాడు.

"ఇది ఇంకా వెచ్చగానే ఉందక్కా" అన్నాడు.